అద్దంలో ముసలామె వంతు

మా అత్త పోయి నిన్నటికి నెల. అప్పుడు మధ్యాహ్నం రెండు దాటింది. అరుగు మీద ఆడవాళ్ళు ఎప్పటిలాగే బీడీలు చేస్తున్నారు. లోపలి అర్రలో ఆమె పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. ఆ మాట చెప్పడానికి బయటికి వచ్చేసరికి వాళ్ళు అప్పటికే చాటలు కింద పెట్టి లేచి నిలబడ్డారు. నేనింకా నోరు తెరవలేదు. ఎట్లా తెలిసిందని తర్వాత అడిగితే, "లోపల ఆకు చప్పుడు ఆగింది గద" అన్నారు.

లోపల ఆకు లేదు. ఆమె చేతికి బీడీ ఆకు ఇవ్వక ఏడు నెలలైంది.

నేను పదో తరగతి దాకా చదివాను. మస్కట్‌లో ఉన్న మా ఆయనకు ఉత్తరాలు రాసిన రోజుల తర్వాత మళ్ళీ కలం పట్టలేదు. నలుగురిలో మాట్లాడితే నా గొంతు నాకే వినబడదు. పరామర్శకు వచ్చినవాళ్ళు తలా ఒకటి అడిగారు. పెద్ద దవాఖానకు ఎందుకు తీసుకుపోలేదని, తిండికి ముక్కులో గొట్టం ఎందుకు పెట్టించలేదని, ఆకలితో పోయిందా అని. ఒక్కొక్కరికీ సగం చెప్పి ఊరుకున్నాను. మిగిలిన సగాలు లోపలే ఉండిపోయి, దేవుడి ముందు కూర్చుంటే అడ్డం వస్తున్నాయి. అందుకే ఒక్కసారి మొదటి నుంచీ రాస్తున్నాను.

మా ఊరు కొండగట్టుకు పోయే దారిలో ఉంటుంది. మగవాళ్ళు చాలామంది ఎడారి దేశాల్లో పని చేస్తారు, ఆడవాళ్ళు ఇళ్ళ ముందు బీడీలు చేస్తారు. నేను పెద్దపల్లి దిక్కు వరి పొలాల నుంచి వచ్చినదాన్ని. పెళ్ళయ్యేదాకా తునికి ఆకు ముట్టి ఎరుగను. కాపురానికి వచ్చిన మూడో రోజే అత్త నన్ను అరుగు మీద కూర్చోబెట్టి ఒళ్ళో చాట పెట్టింది. నానిన ఆకును రేకు కొలతకు కత్తిరించడం, చిటికెడు తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, ఇనుప పుల్లతో మూతి మడవడం ఆమే నేర్పింది.

"గట్టిగ వట్టకు పిల్లా. పిట్టపిల్లను వట్టుకున్నట్టు వట్టు. అది ఎగిరిపోవద్దు, సావద్దు" అనేది.

ముడి గురించి ఆమెకు ఇంకో మాట ఉండేది. "గట్టిగేస్తె తాగేటోడు తిడ్తడు. వదులుగేస్తె టేకేదారు తిడ్తడు. ఎట్ల జేసినా తిట్లే. నువ్వైతె మంచిగ జెయ్యి." టేకేదారంటే మాకు ఆకు, తంబాకు ఇచ్చి బీడీలు తీసుకునే మనిషి.

ఆమె చేతుల వైపు చూస్తూ పని చేసేది కాదు. మాట్లాడుతూ, తగువులు తీరుస్తూ, కునుకు తీస్తూ కూడా చేసేది. ఒక ఎండాకాలం కళ్ళు మూసుకుని గురక పెడుతుంటే వేళ్ళు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. మా ఎదురింటి అక్క నవ్వుతూ, "ఓ పెద్దవ్వా, నిద్రవోతున్నవా, బీడీలు జేస్తున్నవా?" అని అడిగింది.

"నేను నిద్రవోతున్న. చేతులు జేస్తున్నయ్. వాటినే అడుగు" అంది కళ్ళు తెరవకుండానే.

అప్పుడు అందరం నవ్వాం. తర్వాత తర్వాత ఆ మాట గుర్తొస్తే నాకు ఒళ్ళు జలదరించేది.

మా అరుగుల మీద ఒక పద్ధతి ఉంది. బీడీ చేసే ప్రతి ఆడమనిషికీ కంపెనీ కార్డు ఉంటుంది. కొన్నాళ్ళు సరుకు ఇవ్వకపోతే పేరు కొట్టేస్తారు. అందుకని ఎవరికైనా జ్వరమొచ్చినా, కాన్పయినా, ఆమె చాటను అరుగు మీద అట్లాగే ఉంచుతాం. పొద్దు గూకి లేచేటప్పుడు ఒక్కొక్కరం మా చాటలోంచి పిడికెడు బీడీలు ఆ ఖాళీ చాటలో వేసి పోతాం. దాన్ని వంతు వేయడం అంటారు. నా బిడ్డ పుట్టినప్పుడు ఇరవై రోజులు నా చాట నిండుతూనే ఉంది. ఎవరెవరు వేశారని అత్తను అడిగాను.

"అడగకు. ఎరుకైతె మళ్ళ ఇయ్యాలనిపిస్తది" అంది.

ఆమె మరుపు చిన్నగానే మొదలైంది. కూరలో ఉప్పు రెండుసార్లు వేయడం, వీధి దీపం చూసి తెల్లవారిందనడం. తర్వాత, పన్నెండేళ్ళ కింద పోయిన మా మామకు పళ్ళెంలో అన్నం పెట్టి ఎదురు చూడడం. మా ఆయన ఫోన్లో మొహం చూపించి మాట్లాడితే భయపడిపోయి, "గీ పోరన్ని డబ్బల ఎవలు వెట్టిండ్రు? గాలాడక సస్తడు, బయటికి తియ్యుండ్రి" అంది. ఆయన అటు నుంచి గట్టిగా నవ్వాడు. నవ్వు ఆగాక కూడా చాలాసేపు ఫోన్ పెట్టలేదు.

కరీంనగర్‌లో డాక్టర్ పరీక్షలు చేయించి డిమెన్షియా అన్నాడు. మెదడు కొద్దికొద్దిగా ముడుచుకుపోతుందని, ఇది తగ్గేది కాదని, ఆఖరికి మింగడం కూడా మరిచిపోతారని చెప్పాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. కొండగట్టు ఆంజనేయస్వామి గుడికి తీసుకుపోయి పదకొండు రోజులు ఉన్నాను. మనసు చెదిరినవాళ్ళను అక్కడికి తీసుకొచ్చి స్వామి దగ్గర ఉంచడం మా దిక్కు ఉన్నదే. రోజూ తడిబట్టలతో ప్రదక్షిణలు చేసి ఆమె నుదుట సింధూరం పెట్టేదాన్ని. తొమ్మిదో రోజు ఒకామె జుట్టు విరబోసుకుని ఊగిపోతుంటే అత్త చాలాసేపు చూసింది.

"గామెను ఏదో వట్టింది పాపం" అంది. తర్వాత నా చేయి పట్టుకుని, "నన్ను ఏదీ వట్టలే పిల్లా. నన్ను ఒక్కొక్కటి ఇడిసిపెడ్తున్నయ్" అంది.

ఆమె అంత తేటగా మాట్లాడిన రోజులు ఆ తర్వాత రెండో మూడో ఉంటాయి. ఇంటికొచ్చిన వారంలో ఒక పొద్దున తలుపు దగ్గరికి వేయమని, మంచం కింది రేకు పెట్టె తీయించింది. అడుగున పుట్టింటివాళ్ళు పెట్టిన ఆకుపచ్చ చీర ఉంది. అది తన ఆఖరి చీర అని చూపించింది.

"ఇగో, ఇను. నేను మరుస్తున్న. రేపు నిన్ను గూడ మరుస్తనట. మరిచినంక నేనేమన్న చెప్తె ఇనకు, గది నేను గాదు. ఇప్పుడు చెప్పేదే ఇను. నోట్లె పోసింది లోపలికి వోయినన్ని దినాలు పొయ్యి. పోకుంటె ఇడిసిపెట్టు. ముక్కుల గొట్టం వెట్టకుండ్రి. నా చెల్లెను సూసినవ్ గద, పీక్కుంటుందని మంచానికి కట్టేసిండ్రు. నా చేతులు కట్టకుండ్రి. గీ అర్ర కెల్లి నన్ను తియ్యకుండ్రి. అరుగు మీది మాటలు ఇనవడాలె."

"గట్లనే అత్తా" అన్నాను.

"గట్లనే అంటె గాదు. ఒట్టెయ్యి. నీ స్వామి మీద."

అరచేతిలో చేయి వేసి ఆంజనేయస్వామి మీద ఒట్టు పెట్టాను. ఇక నేను రాసేదంతా ఆ ఒట్టు గురించే.

అద్దంలో ముసలామె ఆ చలికాలంలో వచ్చింది. ఆమె మంచానికి ఎదురుగా ఇనుప బీరువా ఉంది, దాని తలుపుకు నిలువుటద్దం ఉంది. ఒకరోజు అన్నం తీసుకుని వెళితే అత్త అటు తిరిగి ఎవరితోనో నెమ్మదిగా మాట్లాడుతోంది.

"ఎవలతోని అత్తా?"

"గీ ముసలామె తోని. రోజు వస్తది. పాపం పెయ్యిల బాగుంటలేదట, పని చేతనైత లేదట."

"అది అద్దం అత్తా. అండ్ల ఉన్నది నువ్వే."

ఆమె నన్ను జాలిగా చూసింది. "నేనైతె ఈడ కూసున్న గద" అంది.

ఆ పూట ముద్ద పెట్టబోతే అద్దం వైపు చూపించి, "మొదలు గామెకు వెట్టు" అంది. నాకు భయమేసి అద్దం మీద దుప్పటి కప్పాను. అత్త ఆ రోజు ఏమీ తినలేదు. మరునాడు పొద్దున చూస్తే దుప్పటి నాలుగు మడతలై మంచం కాళ్ళ దగ్గర ఉంది. అప్పటికే ఆమె ఆసరా లేకుండా లేవలేకపోయేది. మా బిడ్డ పెళ్ళై వెళ్ళాక ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. నేనే తీసి మడత పెట్టానేమో. అట్లా అనుకుంటే కూడా నాకు భయంగానే ఉంది, ఎందుకంటే నాకు గుర్తు లేదు.

మళ్ళీ కప్పలేదు. అప్పటి నుంచి ఆమె అద్దం ముందు కూర్చుని వట్టి చేతులతో బీడీలు చుట్టేది. ఆకు అందుకోవడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం తిప్పడం, మూతి మడవడం అన్నీ వరసగా. పక్కన కూర్చుంటే గాలిలో తడి ఆకు వాసన వచ్చేది. నా ముక్కు మీద నాకే అనుమానం వచ్చి ఎదురింటి అక్కను పిలిచాను. గడపలో నిలబడి ఒకసారి గాలి పీల్చి, అక్కడి నుంచే వెనక్కి పోయింది.

ఒక మధ్యాహ్నం గోడ దిక్కు తిరిగి ఉన్న అత్త, "నీ కట్టల ఒకటి తక్కువున్నది, సూస్కో" అంది. అరుగు మీద ఎదురింటి అక్క అప్పుడే ఒక కట్ట కట్టి పక్కన పెట్టింది. ఆ మాట విని ఊరికే నవ్వుతూ విప్పింది. ఇరవై అయిదు ఉండాల్సినవి ఇరవై నాలుగున్నాయి. మిగతావాళ్ళు కూడా తమ కట్టలు విప్పి మళ్ళీ లెక్కపెట్టుకున్నారు.

"ఎవలియి అత్తా గీ బీడీలన్ని?" అని అడిగాను ఒకరోజు.

"గామెయి" అంది అద్దం చూపించి. "వంతేస్తున్న. లేకుంటె గామె కార్డు తీసేస్తరు."

నేను తప్పు చేసింది ఆ తర్వాతే. వట్టి చేతులు అట్లా ఆడుతుంటే చూడలేకపోయాను. నిజం ఆకు ఇస్తే చేతులకు శాంతి ఉంటుందనుకున్నాను. ఆకు నానబెట్టి, కత్తిరించి, తంబాకు, దారం అన్నీ చాటలో సర్ది ఆమె ఒళ్ళో పెట్టాను. కూతురి ముఖం గుర్తుపట్టని మనిషి ఒక్క బీడీ కూడా చెడగొట్టకుండా చుట్టింది. నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఆమె చేతులను ఫోన్లో తీసి మా ఆయనకు పంపాను. తులసి దగ్గర నీళ్ళు పోసి వద్దామని వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి చాటలో తంబాకు లేదు. ఆమె నోరు నిండుగా ఉంది, నములుతోంది.

నిమిషాల్లో వాంతులు, చెమటలు. ఊపిరి ఎగబోసింది. కరీంనగర్‌లో ఒక దవాఖానలో చేర్చాం. ఏవేవో కాగితాలు పెట్టారు, ప్రతిదాని మీదా సంతకం పెట్టాను. ఒట్టు గుర్తుంది. కానీ నా చేత్తో పెట్టిన తంబాకుతో ఆమె పోతుందన్న భయం ముందు ఒట్టు నిలబడలేదు. ముక్కులోంచి గొట్టం వేశారు. ఆమె పీకేసింది. మళ్ళీ వేసి, రెండు చేతులనూ గుడ్డ పట్టీలతో మంచానికి కట్టారు.

"అందర్ని గిట్లనే కడ్తం అమ్మా, పరేషాన్ గాకు" అంది అక్కడి ఆయా.

ఎనిమిది రోజులు. కట్టిన చోటికి ఇవతల ఆమె వేళ్ళ కొనలు మాత్రం ఆడుతూ ఉండేవి. నాలుగో రోజు కళ్ళు తెరిచి, పట్టీని చూసి, నన్ను చూసింది.

"ముడి నువ్వే ఏసినవా పిల్లా?"

నర్సు వేసిందని చెప్పబోయాను. సంతకం పెట్టింది నేను. "నేనే అత్తా" అన్నాను.

"మంచిగేసినవ్. వదులుగాలే" అంది. పని నేర్పేటప్పుడు మెచ్చుకున్న గొంతుతోనే అంది.

ఇంటికి వచ్చాక కూడా ఆమె మణికట్ల చుట్టూ ఆ పట్టీల నల్లని గీతలు చాలారోజులు ఉన్నాయి. గొట్టంతోనే పంపించారు. అక్కడి డాక్టరే చెప్పాడు, ఇట్లాంటివాళ్ళను ఇంట్లోనే చూసుకోవడానికి సర్కారు దవాఖాన నుంచి బండి వస్తుందని. అందులో వచ్చిన సిస్టర్ మా బిడ్డ వయసు పిల్ల. అత్త కొద్దికొద్దిగా మింగుతున్నదని చూసి గొట్టం తీసేసింది. వారం వారం వచ్చి వీపు మీద పుండ్లు పడకుండా ఎట్లా తిప్పాలో, కూర్చోబెట్టి ఎంత పలుచగా తాగించాలో చూపించింది. ఒకరోజు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"అమ్మా, ఒకరోజు ఆమె మింగుడు మరుస్తది. గప్పుడు ఏం జెయ్యాల్నో ఇప్పుడే అనుకోండ్రి. గా రోజు మీరు అనుకోలేరు. మీ అత్త ఎప్పుడన్న ఏమన్న చెప్పిందా?"

చెప్పిందన్నాను. తంబాకు సంగతి, ఒట్టు సంగతి, అన్నీ ఆ పిల్లకు మొదటిసారి చెప్పాను. ఆమె అత్త అన్న మాటలను ఒక కాగితం మీద రాసి చదివి వినిపించింది. ఫోన్లో మా ఆయన కూడా సరేనన్నాడు. ఆ కాగితాన్ని రేకు పెట్టెలో ఆకుపచ్చ చీర మీద పెట్టాను.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున గంజి నోట్లో పోస్తే పెదవుల పక్క నుంచి మెల్లగా బయటికి వచ్చేసింది. మధ్యాహ్నమూ అంతే. ఆమె కళ్ళు అద్దంలో ఉన్నాయి, చేతులు పనిలో ఉన్నాయి, గొంతు మాత్రం ఊరుకుంది. సిస్టర్ వచ్చి చూసి, ఇక రోజులే అని చెప్పింది.

మా ఆయన మాట మార్చాడు. "నెల రోజులల్ల సుట్టి దొరుకుతదే. గంతదాక గొట్టం వెట్టియ్. ఒక్కసారి అవ్వ నన్ను సూడాలె. తర్వాత నీ ఇష్టం."

ఆయనకు నేను ఎన్నడూ ఎదురు మాట్లాడలేదు. "గొట్టం వెడ్తె చేతులు కడ్తరు" అన్నాను. ఫోన్ పెట్టేసి ఆమె పెదవులు తడపడానికి వెళ్ళాను.

మరునాడు కాగజ్‌నగర్ నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. మా ఆయనకు అక్క, నేను వదినె అని పిలుస్తాను. పేపరు మిల్లు మూసిన ఏళ్ళల్లో సంసారం ఈడ్చిన మనిషి, దేనికీ జంకదు. సంచీ కింద పెట్టకముందే అడిగింది.

"ఎన్ని దినాలైంది తినక?"

"రెండు దినాలు వదినె. పెదవులు తడుపుతున్న. సిస్టర్ అన్నది, ఇప్పుడు ఆ పాణం అన్నం అడగదట. బలవంతంగ పోస్తె ఊపిరితిత్తులల్లకు వోతదట."

"సిస్టరెవతి? దానవ్వకు ఇట్లనే జేస్తదా? బండి మాట్లాడిన. తీస్కపోతున్న. నా తల్లిని ఎండబెట్టి సంపుతవా పిల్లా? నువ్వు తంబాకు చాట వెట్టి ఫోన్ల తీసింది తమ్ముడు నాకు పంపిండు, గది సాలలేదా?"

తంబాకు మాటకు నేను గోడకు ఆనుకున్నాను. అరుగు మీద ఆడవాళ్ళంతా వింటున్నారు. కాగితం చూపించాను, ఆమె దాన్ని తోసేసింది. అప్పుడు నా నోట ఎట్లా వచ్చిందో, స్వామే పలికించాడనుకుంటాను.

"తీస్కపో వదినె. నేను అడ్డం రాను. గని ఒక్కటి. దవాఖానల ఎట్ల కడ్తరో, నువ్వు గట్ల అవ్వ చేతులు వట్టుకో. వంద లెక్కవెట్టేదాక వట్టుకో. గంతే."

ఆమె మంచం మీద కూర్చుని తల్లి రెండు మణికట్లనూ పట్టుకుని పరుపుకు ఆనించింది. పది లెక్క దాకా ఏమీ లేదు. తర్వాత ఆ చేతులు తిరగబడ్డాయి. చెంచాడు నీళ్ళు మింగలేని ఒంట్లో అంత బలం ఎక్కడ దాగిందో తెలియదు. ఆడబిడ్డ భుజాలు కూడా కదిలిపోయాయి. అత్త ముఖం మాత్రం నిశ్చలంగా ఉంది, కళ్ళు అద్దంలోనే ఉన్నాయి. ఆ నిశ్చలమైన ముఖంలోంచి, నోరు కదలకుండానే, లోపలెక్కడో నూతిలోంచి వచ్చినట్టు ఒక మూలుగు వచ్చింది. అరుగు మీద ఎవరిదో చాట కింద పడింది.

ముప్పై కూడా కాలేదు. ఆడబిడ్డ చేతులు వదిలేసి తన అరచేతుల వైపు చూసుకుంది. అత్త వేళ్ళు ఆగిన చోట నుంచి మళ్ళీ మొదలుపెట్టాయి.

"బండిని పొమ్మను" అంది ఆడబిడ్డ. బయటికి పోతూ గడపలో ఆగింది. "ఒక్క మాట. మా అవ్వ ఆకలితోని పోయిందా లేదా, రేపు పిట్టనే చెప్తది. పిట్ట ముట్టకుంటె నిన్నే అడుగుత."

పిట్టంటే, పోయిన మూడో రోజు వాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి కాకికి పెడతాం. ముడితే ఆత్మ తృప్తి పడ్డట్టు. ముట్టకపోతే ఏదో కొరత ఉన్నట్టు.

ఆ తర్వాత అయిదు రోజులు. దూది తడిపి పెదవులకు అద్దాం. ఆమెకు ఛాయ్ ఇష్టం, చుక్క నాలుకకు రాశాం. ఊపిరి బరువైనప్పుడు సిస్టర్ ఇచ్చిన మందు వేశాం. ఆడబిడ్డ ఒక పక్క, నేనొక పక్క పడుకున్నాం. బయట ఆడవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుతుంటే నేనే వెళ్ళి, "ఎప్పటి లెక్కనే మాట్లాడుండ్రి, ఆమెకు ఇనవడాలె" అన్నాను. కాసేపటికి టేకేదారును తిట్టడం మొదలుపెట్టారు. అత్త పెదవి కొద్దిగా వంగింది.

నాలుగో రోజు పొద్దు గూకేటప్పుడు వాళ్ళు ఇళ్ళకు పోకుండా ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. అత్త కార్డు రద్దయి చాలా ఏళ్ళైంది. అయినా ఆమె పాత చాటను మంచం కాళ్ళ దగ్గర పెట్టి తలా పిడికెడు బీడీలు అందులో వేసి వెళ్ళిపోయారు.

మరునాడు మధ్యాహ్నం ఆడబిడ్డ స్నానానికి వెళ్ళింది. నేను కాళ్ళు రుద్దుతూ స్వామి పేరు తలుచుకుంటున్నాను. పది రోజులుగా మాట లేని అత్త, పక్కవాళ్ళతో మామూలుగా అన్నట్టు అంది.

"గామె ఇగ రాదట."

నా చేతులు ఆగిపోయాయి. "ఎవలు చెప్పిండ్రత్తా?"

"గామెనే చెప్పింది. నిండిందట. ఇగ సాలు అన్నది."

నేను అద్దం వైపు చూశాను. నేను కూర్చున్న చోటికి అద్దంలో మంచం కనబడుతోంది, తలకింది మెత్త కనబడుతోంది. మంచం మీద ఎవరూ లేరు. నేను కూర్చున్న మూల నుంచి అట్లా కనబడిందేమో, జరిగి చూస్తే తెలిసేది. నేను జరగలేదు. ఇటు తిరిగేసరికి ఆమె వేళ్ళు చివరి బీడీ మూతి మడిచి, దాన్ని చాటలో వేసినట్టు తెరుచుకుని, అట్లాగే ఉన్నాయి. నేను పట్టుకుంటే పట్టుకోనిచ్చాయి. ముప్పై ఏళ్ళలో ఆ చేతులు నా చేతిలో కదలకుండా ఉండడం అదే మొదలు.

మా ఆయన వచ్చేదాకా గాజు మూత ఉన్న చల్లని పెట్టెలో ఉంచాం. ఒకసారి వంగి చూస్తే గాజులో నా ముఖం ఆమె ముఖం మీద పడింది. రెండూ సరిగ్గా కలిసిపోయాయి. వెనక్కి జరగాలనిపించి కూడా కాసేపు జరగలేకపోయాను. ఆయన వచ్చాక మూత తీయించి, తల్లి మణికట్లను అటూ ఇటూ తిప్పి చూశాడు. మరకలు ఎప్పుడో పోయాయి. ఆ చేతులను తనే సర్ది పెట్టాడు.

మూడో రోజు మా మెట్ట చెలక గట్టు మీద విస్తరి వేశాం. అన్నం, గుడ్డు, కోడికూర, సర్వపిండి, గ్లాసులో ఛాయ్. తుమ్మచెట్టు మీద కాకి కూర్చుని చూస్తోంది, దిగదు. దిగింది, విస్తరి చుట్టూ నడిచింది, ముట్టదు. మళ్ళీ చెట్టెక్కింది. ఎండ నెత్తికెక్కింది. ఒక్కొక్కరు మొక్కారు, మనవళ్ళను మంచిగా చూసుకుంటామని ఒకరు, మాట తప్పబోమని ఒకరు. కాకి రాలేదు. ఆడబిడ్డ నా వైపు తిరిగింది.

అత్త బీడీలు కట్టిన ఎర్రదారం ఉండలో మిగిలిన కొంచెం నా కొంగులో ఉంది. ఎందుకు కట్టుకుని వచ్చానో నాకే తెలియదు. మూరెడు తెంపి, ముడి లేకుండా, విస్తరి పక్కన పెట్టి వెనక్కి వచ్చాను. "తప్పు జేసిన అత్తా. ఒక్కసారి జేసిన. రెండోసారి జెయ్యలే" అని లోపల అనుకున్నాను.

కాకి దిగింది. గుడ్డు దాటింది, అన్నం దాటింది. ఎర్రదారం ఒక కొన ముక్కున పట్టుకుని లేచింది. దారం దాని వెనక గాలిలో పొడుగ్గా ఆడుతూ పోయింది.

"గిది ముట్టినట్టా, ముట్టనట్టా?" అన్నారెవరో.

"దిగింది గద, ముట్టినట్టే."

"దారం ముడితె ముట్టినట్టెట్లయితది? అన్నం ముట్టలే గద."

"అవును. అన్నం ముట్టలే" అంది ఆడబిడ్డ. కాకి పోయిన దిక్కే చూస్తోంది. "ఆకలుంటె అన్నమే ముడుతుండె."

అంతే అంది. ఇంటికి వచ్చేటప్పుడు నా పక్కన నడిచింది.

ఇప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే. మా ఆయన తిరిగి వెళ్ళాడు. అద్దం అక్కడే ఉంది. పొద్దున బొట్టు పెట్టుకోవడానికి నిలబడతాను, ఎక్కువసేపు చూడను. మొన్న మధ్యాహ్నం అరుగు మీద మాటలు వింటూ మంచం మీద కూర్చున్నాను. ఎదురుగా చూస్తే అద్దంలో ఒకామె ఒళ్ళో చేతులు ఆడుతున్నాయి. ఆకు అందుకుని, చుట్టి, దారం తిప్పుతున్నాయి. నేను ఆపలేదు.

ఆ దుప్పటి ఎవరు మడిచారో నాకు ఇంకా గుర్తు రాలేదు. అందుకే ఆమె కాగితం కిందే నా కాగితం కూడా రాసి పెట్టాను. మాటలు ఆమెవే, చివర సంతకం నాది. ఈ కాగితాలన్నీ రేకు పెట్టెలో అడుగున ఉంటాయి. ఎవరి చేతికి దొరికినా చదివి మళ్ళీ అక్కడే పెట్టండి. నలుగురికీ చూపించకండి. అది ఆమె పరువు కోసమూ కాదు, నా పరువు కోసమూ కాదు. ఇదీ ఒక వంతే, ఎరుకైతే మళ్ళీ ఇవ్వాలనిపిస్తుంది. దాచి ఉంచండి, చాలు. ఆమె దారం మిగిలింది మూరెడు. కాగితాల చుట్టూ తిప్పాను. ముడి వేయలేదు.